పేడ నీ డ్రమ్ముకా, నా పొయ్యికా? కుంట పాచితో గోబర్ గ్యాస్: రెండుసార్లు చెడగొట్టుకుని నేర్చుకున్నది

పైన వీడియోలో కుంటలోంచి పాచి లాగడం, నలగ్గొట్టడం, పేడతో కలిపి తొట్టిలో పోయడం చూశారు. వీడియోలో పది నిమిషాల్లో అయిపోయిన ఈ పని నాకు చేతికి రావడానికి రెండు మిరప సీజన్లు పట్టింది. ఎక్కడ తప్పు చేశానో, అది ఎందుకు తప్పయిందో వీడియోలో చెప్పే తీరిక లేక ఇక్కడ రాస్తున్నా.

గుంటూరు బ్రాడీపేటలో మా చిన్న షాపుకి వచ్చే రైతుల్లో చాలామంది అడిగే ప్రశ్న ఒకటే. "తమ్ముడూ, పశువులు తగ్గిపోయినాయి. ఉన్న కాస్త పేడ జీవామృతానికి వాడమంటావా, గ్యాసు ప్లాంటుకి వాడమంటావా?" ఈ గొడవ మా ఇంట్లోనూ ఉంది. పొలంలో నేను డ్రమ్ము కలుపుతుంటే మా అమ్మ వచ్చి, "ఒరే, ఈ పేడ నీ డ్రమ్ముకా, నా పొయ్యికా? ముందు అది తేల్చు" అనేది.

లెక్క చూస్తే అమ్మ మాటలో న్యాయం ఉంది. మాకు రెండు ఒంగోలు ఆవులు, ఒక గేదె. రోజుకి 35 కిలోల పేడ వస్తుంది. ఎకరానికి 200 లీటర్ల జీవామృతం చేయడానికి 10 కిలోల పేడ కావాలి. నాలుగు ఎకరాలకి నెలకి రెండుసార్లు ఇస్తే 80 కిలోలు, అంటే రోజుకి మూడు కిలోలు కూడా పడదు. పేడని అసలు తినేసేది ఘన జీవామృతం. పదిహేను రోజులకోసారి 100 కిలోల పేడతో ఒక కుప్ప వేస్తాను. రెండూ కలిపి రోజుకి 10 కిలోలు పోతే ప్లాంటుకి మిగిలేది 25 కిలోలు. మాది రెండు ఘనపు మీటర్ల దీనబంధు ప్లాంటు. దానికి రోజుకి 50 కిలోల పేడ, అంతే నీళ్లు కావాలి. అంటే సగం ఆకలితో నడుస్తోంది.

ఇంకోపక్క మా పంట కుంట. వానలు తగ్గి నీళ్లు నిలిచాక నవంబరు నుంచి పచ్చటి పాచి పట్టేస్తుంది. కొన్ని ఊళ్లలో దీన్నే నాచు అంటారు. మిరపకి డ్రిప్ పెట్టినవాళ్లకి దీని బాధ చెప్పక్కర్లేదు. ఫిల్టరు కడగలేక చేతులు నొప్పి పుడతాయి, డ్రిప్పర్లు మూసుకుపోతాయి. తీసి గట్టున పారేసిన పాచి రెండు రోజుల్లో కుళ్లి బుడగలు వస్తుంటే, ఇది ప్లాంటులో కుళ్లితే గ్యాసు వస్తుంది కదా అనిపించింది. ఆలోచన తప్పు కాదు. చేసిన పద్ధతి తప్పు.

గ్యాసు పేడలోంచి రాదు, పేడ తినే ప్రాణుల్లోంచి వస్తుంది

మనం జీవామృతం గురించి మాట్లాడేటప్పుడు సూక్ష్మజీవులు, సూక్ష్మజీవులు అంటాం. గ్యాసు ప్లాంటు దగ్గరికి వచ్చేసరికి మాత్రం అదేదో సిమెంటు గొయ్యి అన్నట్టు చూస్తాం. నేనూ అట్లాగే చూశాను. అసలు అది పశువుల కొట్టం లాంటిది. లోపల మంద ఉంది. కంటికి కనపడదు అంతే.

ఆ మందలో నాలుగు రకాల పనివాళ్లు ఉంటారు. మొదటివాళ్లు పీచు, మాంసకృత్తులు, కొవ్వు లాంటి పెద్ద పదార్థాలని ముక్కలు చేసి నీళ్లలో కరిగేట్టు చేస్తారు. రెండోవాళ్లు ఆ ముక్కలని తిని రకరకాల ఆమ్లాలుగా మారుస్తారు. మూడోవాళ్లు ఆ ఆమ్లాలని ఎసిటిక్ ఆమ్లంగా, హైడ్రోజన్‌గా మారుస్తారు. ఎసిటిక్ ఆమ్లం అంటే వెనిగర్‌లో ఉండే పులుపే. నాలుగోవాళ్లు దాన్నీ, హైడ్రోజన్‌నీ తిని మీథేన్ వదులుతారు. మన పొయ్యిలో మండేది అదే. మామూలు ప్లాంటులో వచ్చే మీథేన్‌లో దాదాపు మూడింట రెండు వంతులు ఎసిటిక్ ఆమ్లం నుంచే వస్తుంది.

ఈ నాలుగోవాళ్లు నిజానికి బ్యాక్టీరియా కూడా కాదు. 1977లో అమెరికాలో కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ అనే శాస్త్రవేత్తలు ఇవి బ్యాక్టీరియాకి భిన్నమైన వేరే వంశం అని చూపించారు. ఆ వంశాన్ని ఇప్పుడు ఆర్కియా అంటున్నారు. గాలి తగిలితే వీటి పని ఆగిపోతుంది.

వీళ్లు ఒకరి మీద ఒకరు ఎంతగా ఆధారపడి ఉంటారో తెలిపే సంగతి ఒకటి ఉంది. ఆల్కహాల్‌ని మీథేన్‌గా మార్చే జీవి ఒకటుందని చాలా ఏళ్లు పుస్తకాల్లో రాసుకున్నారు. 1967లో మార్విన్ బ్రయంట్ బృందం పరిశీలిస్తే అది ఒకటి కాదు, ఎప్పుడూ కలిసే ఉండే రెండు జీవులని తేలింది. ఒకటి ఆల్కహాల్ తిని హైడ్రోజన్ వదులుతుంది, రెండోది ఆ హైడ్రోజన్ తిని మీథేన్ చేస్తుంది. రెండోది తినడం ఆపితే మొదటిదాని పనీ ఆగిపోతుంది.

మన గుంటూరు మిరప యార్డుతో పోల్చుకోండి. రైతులు టిక్కీలు దింపుతూనే ఉంటారు. కొనేవాళ్లు ఎత్తుతూ ఉంటే యార్డు సాఫీగా నడుస్తుంది. ఎత్తడం ఆలస్యమైతే టిక్కీలు పేరుకుపోతాయి, ఇక లోపలికి బండి కూడా రాదు. ప్లాంటులో ఆమ్లాలే టిక్కీలు. ఎత్తేవాళ్లు మీథేన్ జీవులు.

మొదటి తప్పు: ఒక్కసారిగా మేత మార్చడం

మొదటి ఏడాది డిసెంబరులో పాచి బాగా పట్టింది. ఊరికే వస్తోంది కదా అని పేడ మొత్తం డ్రమ్ములకి మళ్లించి, నాలుగు రోజులు వరసగా రోజుకి 50 కిలోల పాచి ప్లాంటులో వేశాను. రెండో రోజు గ్యాసు ఎక్కువైంది. అమ్మకి గొప్పగా చెప్పుకున్నా. మూడో రోజు పొయ్యి వెలిగించగానే ఆరిపోవడం మొదలైంది. గ్యాసు వస్తోంది కానీ మంట నిలవడం లేదు. అంటే వస్తున్నదాంట్లో బొగ్గుపులుసు వాయువు ఎక్కువ, మీథేన్ తక్కువ. ఆరో రోజుకి స్లర్రీ పుల్లటి వాసన కొట్టింది. పీహెచ్ పేపరు ముంచితే 6 కంటే కిందికి చూపించింది. ఈ జీవులకి 6.8 నుంచి 7.4 మధ్య ఉండాలి.

జరిగింది ఇదీ. ఆమ్లం చేసేవాళ్లు కొన్ని గంటల్లోనే రెట్టింపు అవుతారు. మీథేన్ చేసేవాళ్లు అట్లా పెరగరు. వాళ్లలో మెథనోసార్సినా అనే రకం రెట్టింపు కావడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. మెథనోత్రిక్స్ అనే రకానికి నాలుగు రోజులకి పైనే పడుతుంది. కొత్త మేత ఒక్కసారి పడేసరికి ఆమ్లం ఉత్పత్తి ఉరుకులు పెట్టింది, తినేవాళ్ల సంఖ్య మాత్రం అంతే ఉంది. పులుపు పెరిగింది, పులుపుకి తినేవాళ్లే చచ్చారు.

పైగా నేను పేడ పూర్తిగా ఆపేశాను. పేడ మేత మాత్రమే కాదు, విత్తనం కూడా. రోజూ పేడతో పాటు కొత్త జీవులు లోపలికి వెళ్తాయి. అయితే ఇక్కడ ఒక విషయం తెలుసుకోవాలి. ఆవు పొట్టలో మేత ఒకటి రెండు రోజులే నిలుస్తుంది. అంత తక్కువ టైములో ఎసిటిక్ ఆమ్లం తినే జీవులు అక్కడ నిలదొక్కుకోలేవు. అక్కడ ఎక్కువగా ఉండేది హైడ్రోజన్ తినే రకం. ఎసిటిక్ ఆమ్లం ఆవుకే కావాలి, అది రక్తంలోకి వెళ్లి పాలలో వెన్నగా మారుతుంది. అందుకే పేడలో మనకి కావలసిన రెండో రకం కొద్దిగానే ఉంటుంది. కొత్త ప్లాంటు అందుకోవడానికి వారాలు పట్టడానికి ఇదొక కారణం.

ప్లాంటుని తిరిగి దారికి తెచ్చింది ఇట్లా. పదిరోజులు ఏమీ వేయలేదు. పక్క ఊళ్లో బాగా నడుస్తున్న ప్లాంటు నుంచి డ్రమ్ముడు స్లర్రీ తెచ్చి, గాలి ఎక్కువ తగలకుండా వెంటనే పోశాను. సున్నపు తేట కొద్దికొద్దిగా పోస్తూ పీహెచ్ 7 దగ్గరకి తెచ్చాను. తర్వాత రోజుకి 5 కిలోల పేడతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోయాను. నీలం మంట మళ్లీ చూసేసరికి నెల దాటింది. ఆ నెలంతా సిలిండరు డబ్బులు నేనే ఇచ్చా!

రెండో తప్పు: నత్రజని లెక్క చూడకపోవడం

రెండో ఏడాది జాగ్రత్తపడ్డాను. రోజుకి కిలో చొప్పున పాచి పెంచుతూ, చివరికి 25 కిలోల పేడ, 25 కిలోల పాచి దగ్గరికి వచ్చాను. పుల్లటి వాసన రాలేదు. పీహెచ్ పేపరు 7 పైనే చూపించింది. అయినా గ్యాసు మెల్లగా తగ్గుతూ వచ్చింది. ఫిబ్రవరి చివర ఎండలు ముదిరేసరికి తొట్టి దగ్గర నిలబడితే కళ్లు మండే ఘాటు. యూరియా బస్తా తడిసినప్పుడు వచ్చే వాసన. అమ్మోనియా అది.

డిప్లొమాలో చదువుకున్న కర్బన నత్రజని నిష్పత్తి అప్పుడు గుర్తొచ్చింది. పేడలో ఒక పాలు నత్రజనికి సుమారు 25 పాళ్లు కర్బనం ఉంటుంది. నీళ్లని పచ్చగా మార్చే క్లోరెల్లా, సీనెడెస్మస్ లాంటి సన్న పాచిలో అది 6 నుంచి 10 మాత్రమే, ఎందుకంటే దాంట్లో మాంసకృత్తులు ఎక్కువ. దారాల్లా ఉండే పాచిలో కర్బనం ఇంకొంచెం ఎక్కువ ఉంటుంది. గ్యాసు ప్లాంటుకి 20 నుంచి 30 మధ్య మంచిది. పాచిని 7గా తీసుకుని, పేడలో ఐదో వంతు, పిండిన పాచిలో పదో వంతు పొడి పదార్థం అనుకుని లెక్కేస్తే, సగం సగం కలిపినప్పుడు నిష్పత్తి 13కి పడిపోతుంది. నాలుగు పాళ్ల పేడకి ఒక పాలు పాచి కలిపితే 19 దగ్గర ఉంటుంది. ఇంత చిన్న లెక్క ముందే వేసుకుని ఉండాల్సింది.

ఎక్కువైన నత్రజని అమ్మోనియాగా మారుతుంది. వేడి పెరిగినా, పీహెచ్ పెరిగినా దాని విషం ఎక్కువవుతుంది. ముందుగా దెబ్బ తినేది మెథనోత్రిక్స్. అది తగ్గాక ఇంకో జట్టు వస్తుంది. ఒకటి ఎసిటిక్ ఆమ్లాన్ని విడగొట్టి హైడ్రోజన్ చేస్తే, ఇంకోటి ఆ హైడ్రోజన్ తిని మీథేన్ చేస్తుంది. పని పూర్తిగా ఆగదు, కానీ నెమ్మదిస్తుంది. పీహెచ్ బాగుంది కదా అని మనం మోసపోయేది ఇక్కడే. అమ్మోనియా పులుపుని కప్పేస్తుంది.

అమెరికాలో యెన్, బ్రూన్ అనే ఇద్దరు 2007లో పాచి మడ్డితో పాత కాగితం సగానికి సగం కలిపి చూశారు. మీథేన్ వచ్చే వేగం పాచి ఒక్కటే వేసినప్పటికంటే దాదాపు రెట్టింపైంది. కాగితంలో గొప్పేమీ లేదు, అది కర్బనం. మన దగ్గర జొన్న చొప్ప పొట్టు, వరిగడ్డి నలుగు ఉన్నాయి. ముందు నానబెట్టి మెత్తబరిస్తేనే వేయండి. పొడిగా వేస్తే పైన తెట్టు కట్టి గ్యాసుకి అడ్డం పడుతుంది. పత్తి కట్టె వేయకండి, అది ఈ జీవులకి అరగదు.

మూడో సంగతి: పచ్చగా వెళ్లింది పచ్చగానే బయటికొచ్చింది

రెండో ఏడాది స్లర్రీ బయటికి వచ్చే చోట పచ్చటి చారలు కనపడ్డాయి. లోపలికి వెళ్లిన పాచి అరక్కుండా బయటికి వస్తోంది. దీనికీ పాత కథ ఉంది. 1957లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో గోలూక్, ఆస్వాల్డ్, గోటాస్ పాచితో గ్యాసు చేసి చూశారు. 30 రోజులు లోపల ఉన్నా కొన్ని పాచి కణాలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. మన రాష్ట్రంలో ప్లాంటు కట్టేటప్పుడు వేసుకునే లెక్క కూడా 30 రోజులే!

కారణం పాచి గోడ. సీనెడెస్మస్, క్లోరెల్లా లాంటివాటికి గోడ గట్టిగా ఉంటుంది. లోపల ఎంత సరుకున్నా తలుపు తెరుచుకోనిదే మొదటి పనివాళ్లకి అందదు. జర్మనీలోని బీలెఫెల్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2010లో ఆరు రకాల పాచిని పోల్చారు. గోడ పలచగా ఉన్న రకం గ్రాముకి 587 మిల్లీలీటర్ల గ్యాసు ఇస్తే, సీనెడెస్మస్ 287 మాత్రమే ఇచ్చింది. ఎండబెట్టి వేస్తే గ్యాసు ఐదో వంతు తగ్గింది. ఎండబెడితే మంచిదనుకునేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

హైదరాబాద్ బోయినపల్లి కూరగాయల మార్కెట్లో ఐఐసీటీ టెక్నాలజీతో నడిచే ప్లాంటు గురించి చాలామంది వినే ఉంటారు. 2021 జనవరి 31న ప్రధాని మన్ కీ బాత్‌లో దాని గురించి చెప్పారు. రోజుకి 10 టన్నుల దాకా కూరగాయల వ్యర్థం, 500 యూనిట్ల దాకా కరెంటు. అక్కడ కూడా వ్యర్థాన్ని ముందు ముక్కలు చేసి గుజ్జు చేశాకే లోపలికి పంపుతారు. పెద్ద ప్లాంటైనా మన గుమ్మటమైనా సూత్రం ఒకటే. మనం బయట ఎంత నమిలి పెడితే లోపల అంత తొందరగా అరుగుతుంది.

ఇప్పుడు నేను చేస్తున్నది

1. పాత దోమతెరతో పొద్దున్నే పాచి లాగి, మట్టి లేకుండా జాడించి, గట్టిగా పిండుతాను. నీళ్లు మోసి లాభం లేదు.

2. రోకలితో నలగ్గొట్టి, మూత ఉన్న బకెట్టులో కొంచెం పాత స్లర్రీ కలిపి రెండు మూడు రోజులు నీడన మగ్గబెడతాను. ఎండబెట్టను.

3. 24 కిలోల పేడకి 6 కిలోల పాచి. అంతకు మించను. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు రోజుకి అర కిలోతో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాల్లో ఈ లెక్కకి రండి. ఆపేటప్పుడు కూడా మెల్లగా ఆపండి.

4. వారానికోసారి పీహెచ్ పేపరు. పుల్లటి వాసన వస్తే మేత ఆపాలి. అమ్మోనియా ఘాటు వస్తే పాచి తగ్గించి, నానిన చొప్ప పొట్టు, కాస్త ఎక్కువ నీళ్లు కలపాలి. రెండు జబ్బులకీ మందు వేరు. ఘాటు వస్తున్నప్పుడు సున్నం వేస్తే ఇంకా చెడిపోతుంది.

5. మైలుతుత్తం గానీ, బ్లీచింగ్ గానీ వేసి చంపిన పాచి ఎట్టి పరిస్థితుల్లో వేయొద్దు. రాగి పాచిని చంపినట్టే లోపలి మందనీ చంపుతుంది.

6. బాపట్ల, నిజాంపట్నం వైపు రొయ్యల చెరువుల పాచి అయితే ఇంకో జాగ్రత్త. ఉప్పునీళ్లలో గంధకం లవణాలు ఉంటాయి. వాటిని వాడుకునే బ్యాక్టీరియా మీథేన్ జీవుల మేతని లాక్కుని, కుళ్లిన గుడ్ల వాసన గ్యాసు వదులుతాయి. అది మనిషికి విషం, పొయ్యికి తుప్పు. మంచినీళ్లతో బాగా కడిగి, చాలా తక్కువగా వాడాలి.

7. నీళ్ల మీద పచ్చ పెయింటు పోసినట్టు తేలే నీలి ఆకుపచ్చ నాచులో కొన్ని రకాలకి విషం ఉంటుంది. ఆ నీళ్లు పశువులకి పెట్టకండి. తీసేటప్పుడు చేతులకి తొడుగులు వేసుకోండి.

8. ఏ కారణంతోనూ ప్లాంటులోకి దిగొద్దు. స్లర్రీ వచ్చే చోట అగ్గిపుల్ల గీయొద్దు.

ఇంతకీ ఏం మిగిలింది?

ఉన్నది ఉన్నట్టు చెప్తా. కిలో పేడకి సుమారు 40 లీటర్ల గ్యాసు. పిండిన పాచిలో పదింట తొమ్మిది వంతులు నీళ్లే కాబట్టి, బాగా అరిగితే కిలోకి 30 లీటర్లు అనుకోవచ్చు. ఆరు కిలోలకి 180 లీటర్లు. మా పొయ్యి మీద దాదాపు అరగంట మంట. ఒక పూట అన్నం, పప్పు ఉడుకుతాయి. పాచితో ఇల్లంతా గడిచిపోతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. పాచి నవంబరు నుంచి మార్చి దాకే, ఆ తర్వాత కుంట ఎండిపోతుంది.

కానీ అరగంట మంటతో పాటు ఇంకా రెండు ఉన్నాయి. ఫిల్టరు రోజూ కడిగే బాధ తగ్గింది. పాచిలో నత్రజని ఎక్కడికీ పోదు, స్లర్రీలో మిగిలి మళ్లీ మిరప చేనుకే వస్తుంది. దాన్ని ఎండబెడితే అమ్మోనియా గాలిలోకి పోతుంది కాబట్టి, పది పాళ్ల నీళ్లతో కలిపి పారే నీళ్లలో వదులుతున్నా. ఒక మాట మాత్రం స్పష్టంగా చెప్పాలి. స్లర్రీ జీవామృతానికి బదులు కాదు. గ్యాసు చేసే జీవులకి గాలి పడదు, చేలో అవి పని చేయవు. జీవామృతం మట్టిలో జీవులని పెంచడానికి, స్లర్రీ వాటికి మేతగా. రెండూ వేరు.

అమ్మ ప్రశ్నకి నా జవాబు కూడా ఇదే. రోజుకి 10 కిలోలు డ్రమ్ముకి, 25 కిలోలు పొయ్యికి. లోటులో కొంత పాచి పూడుస్తుంది, అంతా కాదు. పాచి పేడకి తోడు, బదులు కాదు. పేడ తీసేస్తే ఆ గొయ్యిలో మంద ఉండదు, ఒట్టి కుళ్లే ఉంటుంది. గేదెకి పచ్చగడ్డి నుంచి ఎండుగడ్డికి మార్చేటప్పుడు మనం ఎట్లా మెల్లగా మారుస్తామో, ప్లాంటుకీ అట్లాగే మార్చాలి. నాకు ఈ ముక్క ముందే తెలిసి ఉంటే నెల రోజుల సిలిండరు ఖర్చు మిగిలేది.

మీ కుంటలో పాచి ఎట్లాంటిది, దారాల్లా ఉందా, నీళ్లలో కలిసిపోయి ఉందా, ప్లాంటులో వేసి చూశారా, చూస్తే మంట ఎట్లా ఉందో రాయండి. చెడిపోయిన అనుభవాలైతే ముందుగా రాయండి, మిగతావాళ్లకి ఉపయోగపడేవి అవే. వచ్చే వీడియోలో పీహెచ్ పేపరు ఎట్లా చూడాలో, సున్నపు తేట ఎంత పోయాలో ప్లాంటు దగ్గరే చూపిస్తాను.